అరెస్టు రాసినవాళ్లే తీర్పూ రాయాలి

పత్రికల్లో ఉద్యోగాల గురించి కిందటి నెల రాసినప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోర్టు రిపోర్టింగు మీదే. చెన్నైలో నేను చేసే పని అదే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు తీసేసి పేట పేరు మాత్రం ఉంచాను.

ప్రశ్న (వ్యాసర్పాడి): అక్కా, ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబం మాది. బీకాం ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. కోర్టు వార్తలు రాసే విలేకరిని కావాలని ఉంది. లా చదవకపోతే కుదరదని కొందరు, జర్నలిజం కోర్సు చాలని కొందరు అంటున్నారు. ఏది నిజం? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: లా డిగ్రీ లేకపోతే కుదరదన్నది నిజం కాదమ్మా. ఉంటే మంచిదే, పిటిషన్ చేతికొచ్చినప్పుడు అందులో వాళ్లు అసలు ఏం అడుగుతున్నారో తొందరగా తెలుస్తుంది. సుప్రీంకోర్టులో విలేకరులకిచ్చే గుర్తింపుకు లా డిగ్రీ ఉండాలనే షరతు చాలాకాలం ఉండేది, దాన్ని కూడా 2024 అక్టోబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ తీసేశారు. కావాలంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ తర్వాతైనా చేసుకోవచ్చు, కాకపోతే పత్రికలో పూర్తికాలం జీతానికి పనిచేస్తూనే లాయరుగా ప్రాక్టీసు కూడా చేస్తానంటే బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. జర్నలిజం చదవాలంటే మన ఊళ్లోనే మద్రాసు విశ్వవిద్యాలయం ఉంది, తరమణిలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది. ఫీజులు చూసుకుని ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చుకో.

కోర్సు సంగతి అలా ఉంచి ముందు వెళ్లి కోర్టులో కూర్చో. కొన్ని రకాల కేసులు తప్ప మిగతా విచారణలన్నీ ఎవరైనా వెళ్లి వెనక నిలబడి వినొచ్చు. కొత్తగా వచ్చే పిల్లలందరూ నేరుగా హైకోర్టుకే పరిగెడతారు, ఎందుకో నాకు తెలుసు, ప్యారీస్ కార్నర్ దగ్గర 1892 నాటి ఆ ఎర్ర భవనం, ఒకప్పుడు ఓడలకు దారి చూపించిన దీపస్తంభం, పేరున్న లాయర్లు, మర్నాడు మొదటి పేజీలో బైలైన్, అంటే వార్త పైన తమ పేరు. నా మాట విని నువ్వు ఎగ్మోర్ మేజిస్ట్రేటు కోర్టులతో మొదలుపెట్టు, తర్వాత సైదాపేట, జార్జిటౌన్ తిరుగు. కేసు హైకోర్టుకు చేరేసరికి అంతా కాగితాల మీదే నడుస్తుంది, అందులో ఉన్న మనుషులను చూడాలంటే కింది కోర్టుకే వెళ్లాలి.

అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కాబట్టి పోలీసులు ఒక్కొక్కరినే తీసుకొస్తుంటారు. వరండాలో ఓ కానిస్టేబులు చేతిలో ఫైలు, పక్కన రబ్బరు చెప్పులేసుకున్న కుర్రాడు, కాస్త దూరంలో బిడ్డనెత్తుకుని భార్య, వాళ్ల తరఫున లాయరు ఎవరో వాళ్లకింకా తెలీదు. లోపల మేజిస్ట్రేటు అడిగేవి రెండు మూడు ప్రశ్నలు, ఎప్పుడు పట్టుకున్నారు, ఇంట్లోవాళ్లకు చెప్పారా, పోలీసులు కొట్టారా. కుర్రాడు ఓసారి కానిస్టేబులు వైపు చూసి, లేదని తలూపుతాడు. పదిహేను రోజుల రిమాండు, తర్వాతి మనిషి. ఆ కాస్త సేపట్లో అతను ఎవరి వైపు చూశాడో, వైద్య పరీక్ష కాగితం ఫైల్లో ఉందో లేదో, లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సహాయం) లాయరు ఎవరైనా నోరు తెరిచారో లేదో గమనించడం నేర్చుకో. ఇది ఏ కోర్సులోనూ రాదు.

ఆ రిమాండు తేదీ డైరీలో రాసుకో. అక్కడి నుంచి 60 రోజులు, పెద్ద నేరమైతే 90 రోజులు లెక్క. ఆలోపు పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. గడువు దగ్గర పడ్డప్పుడు కోర్టుకెళ్లి కనుక్కున్న విలేకరికి వార్త దొరుకుతుంది, ఎవరో ఫోన్ చేసి చెప్తారని కూర్చుంటే దొరకదు. ఎఫ్‌ఐఆర్‌లు సున్నితమైన కేసుల్లో తప్ప పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది కాబట్టి అవి సంపాదించడం పెద్ద కష్టం కాదు. ఛార్జిషీటు అలా అందరికీ పెట్టక్కర్లేదని 2023లో అదే కోర్టు తేల్చేసింది, దాని కోసం లాయర్ల చుట్టూ తిరగాల్సిందే. ఇంకో సంగతి, 2024 జూలై 1 నుంచి నేరాలకు శిక్షలు చెప్పే కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది గానీ అంతకు ముందు జరిగిన నేరాలకు పాత చట్టం ఐపీసీయే వర్తిస్తుంది. అందుకని ఇంకా చాలా ఏళ్లు నీకు రెండూ తెలియాలి. హత్య పాత లెక్కలో 302వ సెక్షన్, కొత్త లెక్కలో 103, మోసం అక్కడ 420 అయితే ఇక్కడ 318.

హైకోర్టుకు వెళ్లే రోజు వస్తుంది, అప్పుడు ముందు రోజు సాయంత్రమే వెబ్‌సైట్లో కాజ్ లిస్టు (మర్నాడు విచారణకొచ్చే కేసుల జాబితా) చూసుకుని ఏ హాల్లో ఎన్నో నంబరో రాసుకుని పదిన్నరకల్లా అక్కడుండు. సరిగ్గా వినపడదు, ముందే చెప్తున్నాను. న్యాయమూర్తీ లాయర్లూ మామూలు గొంతుతో మాట్లాడుకుంటారు, నీ ముందు నల్లకోట్ల వరసలు. కౌంటర్ (పిటిషన్‌కు జవాబు) వేయడానికి టైం కావాలంటారు ప్రభుత్వ లాయరు, రెండు వారాలు అంటారు న్యాయమూర్తి, ఈలోపు తర్వాతి నంబరు పిలిచేస్తారు, నువ్వు పొద్దుటి నుంచి కాచుకున్న కేసు అంతే. వెంటనే బయటికొచ్చి జూనియర్ లాయరును పట్టుకుని పిటిషన్ నంబరు, తర్వాతి వాయిదా, స్టే ఇచ్చి తాత్కాలికంగా ఆపారా లేక జవాబు చెప్పమని అవతలి పక్షానికి నోటీసు మాత్రమే ఇచ్చారా అన్నది అడిగి రాసుకో. ఈ ఆఖరిదాంట్లోనే చాలా పత్రికలు పప్పులో కాలేస్తాయి, నోటీసిస్తే స్టే ఇచ్చేసినట్టు రాస్తారు, పాపం పిటిషనర్ ఇంట్లో స్వీట్లు పంచుకుంటారు. ఒక పక్షం చెప్పింది అవతలి లాయరు దగ్గర కూడా సరిచూసుకున్నాకే వార్తలు దిద్దే డెస్కుకు పంపు.

తమిళం మాట్లాడతానన్నావు, చదవడం కూడా గట్టిగా నేర్చుకో. హైకోర్టులో వ్యవహారమంతా ఇంగ్లిషే గానీ కింది కోర్టుల్లో సాక్షులు చెప్పేదీ పోలీసులు రాసేదీ తమిళంలోనే ఉంటుంది.

ప్రశ్న (అంబత్తూర్): అమ్మా, మా అమ్మాయి ఇంజినీరింగు చదివి ఇప్పుడు కోర్టు రిపోర్టర్ అవుతానంటోంది. జీతం సరిగ్గా వస్తుందా? రౌడీ కేసుల మధ్య తిరిగి తనే ఏదైనా కేసులో ఇరుక్కుంటుందేమోనని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: జీతం మొదట్లో తక్కువేనండీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోల్చుకుని చూడకండి. కానీ ఈ బీట్ (విలేకరికి అప్పగించే రంగం) బాగా తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి నిలదొక్కుకున్నాక పని దొరకడం కష్టం కాదు, లైవ్ లా, బార్ అండ్ బెంచ్ లాంటి న్యాయ వార్తల వెబ్‌సైట్లు కూడా వచ్చాక దారులు పెరిగాయి. భద్రత సంగతికొస్తే, కోర్టు ఆవరణలో పగటిపూట నలుగురి మధ్య చేసే పని ఇది, రాత్రిపూట క్రైం స్పాట్లకు పరిగెత్తే బీట్ కాదు. బెదిరింపు ఫోన్లు అప్పుడప్పుడూ వస్తాయి, రావని చెప్పను. వచ్చిన వెంటనే ఎడిటర్‌కు చెప్పాలి, దాచుకోకూడదు.

కేసుల భయం గురించి చట్టం ఏమంటుందో కూడా చెప్తాను. పరువు నష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే, న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. కానీ కోర్టులో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తే అది పరువు నష్టం కిందికి రాదని అందులోనే ఉంది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 4వ సెక్షన్ కూడా నిజాయితీగా, తప్పుల్లేకుండా రాసిన విచారణ వార్త ధిక్కారం కాదంటుంది. కాబట్టి మీ అమ్మాయిని నోట్సు పుస్తకాలు పారేయొద్దనీ, ఉత్తర్వు కాపీ దగ్గర పెట్టుకోమనీ చెప్పండి. ఇంకో మాట, ఉద్యోగంలో చేరేముందే అడగమనండి, రేపు లీగల్ నోటీసు వస్తే లాయరు ఖర్చు సంస్థ పెట్టుకుంటుందా అని. నీళ్లు నమిలితే ఇంకో సంస్థ చూసుకోవడం మంచిది.

ప్రశ్న (రాయపురం): మా వీధిలో ఓ పోక్సో కేసు (పిల్లల మీద లైంగిక నేరం) జరిగింది. ఆ అమ్మాయి ఎవరో వీధి మొత్తానికి తెలుసు, పేపర్లో మాత్రం పేరు రాయలేదు. అందరికీ తెలిసిందే రాస్తే తప్పేముంది?

జవాబు: వీధిలోవాళ్లకు తెలియడం వేరండీ, రేపు ఆ పిల్ల కాలేజీలో చేరినప్పుడు, ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఎవరో ఫోన్లో పేరు కొట్టి తెలుసుకోవడం వేరు. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, చదివే బడి, ఉండే ప్రాంతం, గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు, పెడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. పెద్దవాళ్ల అత్యాచారం కేసులకు న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది, దానికి రెండేళ్ల వరకు. నిపుణ్ సక్సేనా కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు పరోక్షంగా కూడా గుర్తుపట్టేలా రాయొద్దని చెప్పింది. నిందితుడు తండ్రో మేనమామో అయితే అతని పేరు రాసినా ఆ పిల్ల పేరు రాసినట్టే, అప్పుడు అతని పేరు కూడా ఆపాలి. పేరు దాచామని చెప్పుకుంటూ ఫలానా గుడి వెనక ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన కూతురు అని రాసే వార్తలు చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఈ చట్టం పత్రికలకే కాదు, వీధి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేవాళ్లకు కూడా చుట్టుకుంటుంది.

ప్రశ్న (టి. నగర్): ఓ ప్రభుత్వ శాఖను హైకోర్టు కడిగిపారేసిందని పేపర్లో చదివాను. తర్వాత ఉత్తర్వు కాపీ చూస్తే అందులో ఆ మాటే లేదు. విలేకరి కల్పించి రాశారా?

జవాబు: కల్పించి ఉండకపోవచ్చు. విచారణ జరిగేటప్పుడు న్యాయమూర్తులు చాలా అంటారు, ఉత్తర్వులోకి అందులో కొంతే ఎక్కుతుంది. దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ మన హైకోర్టుదే. 2021 ఏప్రిల్ 26న, కరోనా రెండో దశ ముంచెత్తుతున్న రోజుల్లో, ప్రచార సభలను అదుపు చేయనందుకు ఎన్నికల సంఘం అధికారుల మీద హత్య కేసు పెట్టాలేమో అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి సంజీబ్ బెనర్జీ అన్నారు. దేశమంతా పతాక శీర్షిక అయింది, ఉత్తర్వులో మాత్రం ఆ మాట లేదు. ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లి, న్యాయమూర్తులు నోటితో అన్న మాటలు రాయకుండా పత్రికలను ఆపాలని కూడా అడిగింది. మే 6న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం అందుకు ఒప్పుకోలేదు. కోర్టు హాల్లో జరిగేదాన్ని రాయడం పత్రికా స్వేచ్ఛలో భాగమేనంది. అదే తీర్పులో హైకోర్టు మాట కటువుగా ఉందనీ, న్యాయమూర్తులు ఆచితూచి మాట్లాడాలనీ, అసలు రికార్డుల్లో లేని మాటను తొలగించే ప్రశ్నే రాదనీ కూడా చెప్పింది.

కాబట్టి రాసే హక్కు మాకుంది. ఆ హక్కుతో పాటు చేయాల్సిన పని కూడా ఒకటుంది, దాన్ని చాలామంది ఎగ్గొడుతున్నారు. ఆ రోజు కోర్టు నిజంగా ఏం ఆదేశించింది అన్నది కూడా అదే వార్తలో, పైన రెండు మూడు పేరాల్లోపే ఉండాలి. లాయరు వాదనలో బలమెంతో చూడ్డానికి న్యాయమూర్తులు గట్టిగా నిలదీస్తారు, పొద్దున వాయించేసిన పక్షానికే చివరికి అనుకూలంగా తీర్పు రావడం ఏమంత వింత కాదు. మందలింపు మాత్రమే రాసి ఆదేశం రాయకపోతే చదివినవాళ్లు కేసు అయిపోయిందనే అనుకుంటారు. మీరు ఉత్తర్వు తెచ్చుకుని సరిచూశారు కదా, అందరూ అలా చేయాలని నా కోరిక. హైకోర్టు వెబ్‌సైట్లో ఉత్తర్వులు ఉచితంగానే దొరుకుతాయి. ముందు చివరి పేజీ చదవండి, కోర్టు చేయమన్నది ఏమిటో అక్కడుంటుంది.

ప్రశ్న (పెరంబూర్): మా అన్నయ్యను ఓ మోసం కేసులో అరెస్టు చేసినప్పుడు ఫొటోతో సహా పేపర్లో వేశారు. ఏళ్లు గడిచాక కోర్టు నిర్దోషి అని తేల్చింది, ఒక్క పేపరూ రాయలేదు. ఇప్పటికీ ఫోన్లో పేరు కొడితే ఆ పాత వార్తే వస్తోంది, పెళ్లి సంబంధాలు కూడా దానివల్లే తప్పిపోయాయి. ఏం చేయగలం?

జవాబు: ఈ ఉత్తరం చదివాక మిగతావి పక్కన పెట్టేశాను. ఈ బీట్‌లోకి వచ్చే ప్రతి కొత్త విలేకరికీ దీన్ని చదివి వినిపించాలి.

ఇలా ఎందుకు జరుగుతుందో చెప్తాను. అరెస్టు వార్త నడుచుకుంటూ మా దగ్గరికే వస్తుంది. పోలీసులు ప్రెస్ మీట్ పెడతారు, ఫొటో ఇస్తారు, సాయంత్రం డెడ్‌లైన్‌లోపు అన్నీ చేతిలో ఉంటాయి. నిర్దోషి అన్న తీర్పుకు ప్రెస్ నోట్ ఉండదు. ఏదో మామూలు రోజున, సగం ఖాళీగా ఉన్న హాల్లో చదివేస్తారు, అప్పుడు అరెస్టు రాసిన విలేకరి ఈపాటికి ఇంకో బీట్‌లో ఉంటారు, ఒకవేళ ఎవరైనా తెచ్చినా ఎప్పటిదో పాత కేసు కదా అంటుంది డెస్కు. ఇవన్నీ అర్థమయ్యే కారణాలే గానీ వీటిలో ఒక్కటి కూడా నేను ఒప్పుకోను. పేరు రాసి ఫొటో వేసిన పత్రిక ఆ కేసు తేలేవరకు దాని వెంట ఉండాలి. పెద్ద కష్టం కూడా కాదు, ప్రతి కేసుకూ దాన్ని గుర్తుపట్టే ఓ సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా ఎప్పుడో, తీర్పు వచ్చిందో లేదో కనిపిస్తుంది. నేను పేరుతో రాసిన ప్రతి అరెస్టుకూ ఆ నంబరు ఓ పుస్తకంలో ఎక్కించి పెట్టుకుంటాను, నాతో పనిచేసే పిల్లలతో కూడా రాయిస్తాను.

మీరు చేయగలిగింది ఇదీ. ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అరెస్టు వార్త వచ్చిన తేదీ, వీలైతే ఆ కటింగు జతచేసి ఎడిటర్‌కు ఉత్తరం రాయండి, నిర్దోషిగా తేలిన సంగతి వార్తగా వేయాలనీ, వెబ్‌సైట్లో ఉన్న పాత వార్త పైనే ఆ తీర్పు సంగతి చేర్చాలనీ అడగండి. ఫోన్లో అడిగితే సరే సరే అంటారు, కాగితం మీద అడిగితే జవాబు చెప్పక తప్పదు. స్పందన లేకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు పంపొచ్చు, ముందు ఎడిటర్‌కు రాసి ఉండాలన్నది వాళ్ల నియమం. దినపత్రికల మీద ఫిర్యాదుకు వార్త వచ్చిన రెండు నెలల గడువుంది, ఆలస్యానికి కారణం చూపిస్తే మినహాయించే వీలూ ఉంది. జరిమానా వేసే అధికారం కౌన్సిల్‌కు లేదు, మందలించగలదు, అంతవరకే ఆశ పెట్టుకోండి.

పేరే తీసేయించవచ్చా అంటే, దాని మీద చట్టం ఇంకా తేలలేదు. నిర్దోషిగా బయటపడిన ఒకాయన తీర్పులో తన పేరు కనిపించకుండా చేయమని మన హైకోర్టుకే వెళ్లారు. 2021 ఆగస్టులో ఒక న్యాయమూర్తి కుదరదన్నారు, 2024 ఫిబ్రవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం సరేనంది, అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. మరోవైపు 1994లో తమిళ పత్రిక నక్కీరన్ కేసులో, వరుస హత్యల దోషి ఆటో శంకర్ ఆత్మకథ గొడవలో, లైంగిక దాడి లాంటి కేసుల్లో బాధిత మహిళల పేర్లు తప్ప కోర్టు రికార్డుల్లో ఉన్నది ఎవరైనా రాయొచ్చని సుప్రీంకోర్టు చెప్పి ఉంది. నన్నడిగితే పాత వార్తను చెరిపేయడం కంటే దాన్ని పూర్తి చేయించడం మేలు. అరెస్టు జరిగింది నిజం, నిర్దోషి అన్నదీ నిజం, రెండూ ఒకేచోట ఉంటే చదివినవాళ్లకు మీ అన్నయ్య సంగతి సగంలో తెగిపోదు. తీర్పు కాపీ మాకు కూడా పంపండి, చదివి, మీ అన్నయ్య ఒప్పుకుంటే వార్తగా రాస్తాను.

ప్రశ్న (కొరుక్కుపేట): నాకు తెలుగులో రాయడమే బాగా వచ్చు. చెన్నై కోర్టు వార్తలు తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు?

జవాబు: 1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టేవరకు కోస్తా, రాయలసీమల హైకోర్టు కేసులన్నీ ఇక్కడికే వచ్చేవి. ఇప్పుడు ఆ కేసులు రావు గానీ మనుషులు వస్తూనే ఉన్నారు. హైకోర్టు ఆవరణలోనే ఉన్న స్మాల్ కాజెస్ కోర్టులో మోటారు ప్రమాద పరిహారం కేసులు నడుస్తాయి. ఒక రోజు వెళ్లి చూడు, నెల్లూరు నుంచి, చిత్తూరు నుంచి పొద్దున బండెక్కి వచ్చినవాళ్లు, లాయరు చెప్పింది సగం అర్థమై సగం కాక, ఇంకో వాయిదా పడిందని మాత్రం తెలుసుకుని వెళ్లిపోతుంటారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉందన్న సంగతి వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పరు. పరిహారం కేసు ఎలా నడుస్తుంది, ఏ కాగితాలు కావాలి, లీగల్ ఎయిడ్ ఎవర్ని అడగాలి, ముందు వీటి మీద రాసి పంపు. అక్కడ కలిసిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, వాళ్లు ఒప్పుకుంటేనే పేర్లు పెట్టు.